రెండు షూటౌట్లు

ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిగా ఆ రెండు రాత్రులను విడదీసి చూడలేను. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందుంది. ఆశ వదులుకుంటుండగా 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచే బంతిని వలలోకి కొట్టాడు. స్కోరు సమం కావడంతో విజేతను తేల్చే పెనాల్టీ కిక్‌ల షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి ముగ్గురిని అడ్డుకున్నాడు. కేరళ ఆటగాడు నిషు కుమార్‌తో రిఫరీ మళ్లీ కొట్టించినా ఆపేశాడు, అదీ పంతమంటే! 3-1తో కప్పు మనదే.

మరుసటి ఏడాది కోల్‌కతాలో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్‌లో రెండోది. ఇక్కడ షూటౌట్‌లో 4-3తో ఓడాం. మన ఒగ్బెచె కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. అయినా పెనాల్టీలను తిట్టుకోను. ఆ రెండు మ్యాచ్‌లలో 210 నిమిషాలు ఆడి ఒక్క గోలైనా కొట్టలేదు. తవోరా లాంటి ఒక్క తెగింపు కిక్ చాలేది.