అరబ్బు తిరుగుబాటును ఆనాటి పత్రికల్లో చదవడానికి ట్రోవ్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బులు, బ్రిటిష్‌వారు కలిసి టర్కీపై సాగించిన పోరును నాటి దినపత్రికల్లోనే చదవాలనుకునేవారికి ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌ను మించిన ఉచిత ఆన్‌లైన్ భండారం నాకు ఇంతవరకు దొరకలేదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను. చందా లేదు, చదవడానికి ఖాతా కూడా అక్కరలేదు. పాలస్తీనా రంగంలో ఆస్ట్రేలియా లైట్ హార్స్ అనే గుర్రపు దళాలు పోరాడాయి కాబట్టి అక్కడి తంతి వార్తలు సిడ్నీ, మెల్‌బోర్న్ పత్రికల్లోనే కాదు, మారుమూల ఊళ్ల పత్రికల్లోనూ అచ్చయ్యాయి.

వెతకడానికి మాత్రం ఓపిక కావాలి. అరబ్బు పేర్లను అప్పట్లో ఒక్కో పత్రిక ఒక్కోలా రాసింది. జాఫర్ పాషా అల్ అస్కరీనే తీసుకోండి. 1916 ఫిబ్రవరిలో ఈజిప్టు పశ్చిమ ఎడారిలో, అగాగియా దగ్గర, సెనూసీలనే లిబియా ముస్లిం తెగల పక్షాన పోరాడుతూ బ్రిటిష్‌వారికి చిక్కిన ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్య) అధికారి ఆయన. తర్వాత తిరుగుబాటు నాయకుడు హుస్సేన్ కొడుకు ఫైసల్ వెంట అరబ్బు సైన్యంలోని శిక్షణ పొందిన దళాలను నడిపింది కూడా ఆయనే. ఈ కథ మొత్తం దొరకాలంటే ఆయన పేరును ఇంగ్లీషు ‘జి’తోనూ ‘జె’తోనూ వెతకాలి. నిన్నటి శత్రువు నేడు మిత్రుడు కావడం పత్రికల పుటల్లో తేదీల వెంట కనబడుతుంటే, ఏ చరిత్ర గ్రంథమూ ఇవ్వని ఉత్కంఠ కలుగుతుంది.

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ కోసం వచ్చేవారు ఒకటి తెలుసుకోవాలి. యుద్ధకాలపు వార్తల్లో ఆయన పేరు దాదాపు కనిపించదు. 1919 ఆగస్టులో అమెరికా పాత్రికేయుడు లోవెల్ థామస్ లండన్‌లో ఆయన గురించి చిత్ర ప్రదర్శనలు మొదలుపెట్టాకే ఆ పేరు మార్మోగింది. అంతకు ముందు పత్రికలకు ఇది హెజాజ్ (మక్కా ఉన్న పశ్చిమ అరేబియా) రాజు హుస్సేన్, ఆయన కొడుకుల యుద్ధం. ఈ తేడా కళ్లారా చూడడానికే ట్రోవ్ వాడవచ్చు అంటాను. 1918 అక్టోబరు 1న డమాస్కస్‌లోకి ముందు ఎవరు వెళ్లారన్న వాదం మాత్రం యుద్ధం ముగిశాక కూడా పత్రికల్లో చాలాకాలం నడిచింది.

అచ్చులో ఉన్నదంతా జరిగినదేనని నమ్మితే మోసపోతాం. 1916 మేలో బ్రిటన్, ఫ్రాన్స్ అరబ్బు నేలను పంచుకుంటూ కుదుర్చుకున్న సైక్స్-పికో ఒప్పందం 1917 నవంబరులో బోల్షెవిక్కులు బయటపెట్టేదాకా రహస్యమే. ఆ నడుమ వచ్చిన స్నేహపు వార్తలు చదువుతున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఎర్రసముద్రపు రేవు అఖాబా కోసం ప్రాణాలొడ్డిన అరబ్బులకు ఆ సంగతి తెలియదు. మక్కాలో 1916 ఆగస్టు నుంచి వెలువడిన అల్ ఖిబ్లా పత్రిక ట్రోవ్‌లో లేదు, కాబట్టి అరబ్బుల మాట అరబ్బుల నోట ఇక్కడ వినబడదు. ఇదే దీని పెద్ద లోటు.

మనవాళ్ల జాడ కూడా పలుచనే. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి సంస్థానాల సేనలతో ఏర్పడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌లో ఆ రంగంలోనే ఉన్నారు. నేను చూసిన వార్తల్లో చాలాచోట్ల వాళ్లు ‘భారత అశ్వికదళం’ అన్న మాటలోనే కలిసిపోయారు.

వాడకం విషయానికొస్తే, పుటల బొమ్మల నుంచి యంత్రం చదివి రాసిన పాఠంలో తప్పులు ఎక్కువ. కానీ పాఠకులే వరుస వరుసగా దిద్దవచ్చు. నేనూ దిద్దుతాను, ఆ పని నాకెంతో ఇష్టం. ఫలితాల సంఖ్య చూసి మాత్రం ఏదీ తేల్చకండి. ఒకే తంతి ఎన్నో పత్రికల్లో తిరిగి అచ్చయింది. ఒక పత్రిక కత్తిరించిన పేరా మరో పత్రికలో దొరుకుతుంది కాబట్టి రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి చదవడం మంచిది. వార్త ఒక్కటే కాకుండా పుట మొత్తం తెరవండి, ఆ రోజు దానికి ఎంత చోటిచ్చారో తెలుస్తుంది. ఫోనులో పుట చూడడం కష్టం, కంప్యూటరే నయం.

పత్రికలు ఎక్కువగా 1954 దాకా ఉన్నాయి. అందుకే ఇప్పుడు 1941లోకి, ఇరాక్, సిరియాల్లో బ్రిటిష్ సేనల వెంట నడిచిన అరబ్ లీజియన్ (బ్రిటిష్ అధికారి గ్లబ్ నడిపిన ట్రాన్స్‌జోర్డాన్ సైన్యం) వార్తల్లోకి దిగాను.