పాత కిటికీల గ్రీన్‌హౌస్: ఐదేళ్లయింది, నా గొడవంతా పైపులతోనే

పడగొట్టిన ఇంటి కిటికీలు తొమ్మిది, ప్యాకింగ్ పెట్టెల చెక్కలు, ఎవరో పారేసిన సన్నటి పీవీసీ పైపులు. కొత్తగా కొన్నవి కప్పు మీది పాలిథిన్ షీటు, మేకులు, బందులు, అంతే. ఇలా కట్టుకున్న గ్రీన్‌హౌస్‌లో ఐదేళ్లుగా నారు పోస్తున్నాను. ఎలా కట్టాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా. నేను చెప్పేది కప్పు కింద కమానుల్లా వంచిన ఆ పైపుల గురించి. వాటి మీద కోపం ఇంకా చల్లారలేదు.

మొదటి ఏడాది వాటినే తెగ మెచ్చుకున్నాను. తేలిక, తుప్పు పట్టవు, చెద పట్టదు, చేత్తో వంచితే వంగుతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ‘ముందు పైపులు సంపాదించండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు’ అని సలహాలు కూడా ఇచ్చాను.

షీటు చౌకరకం కాదు. 200 మైక్రాన్ల మందం, ఎండను తట్టుకునే యూవీ రకం, మూడేళ్లు ఉంటుందని దాని మీదే రాసి ఉంది. మామూలు పాలిథిన్ ఒక్క ఎండాకాలానికే పొడిపొడి అవుతుందని తెలుసు కాబట్టి అక్కడ మాత్రం పిసినారితనం చేయలేదు. అయినా రెండో ఎండాకాలం చివర్లో ఒక రాత్రి గాలి వీచింది. పెద్ద గాలివాన కూడా కాదు, తీగ మీద ఆరేసిన బట్టలు కింద పడేంత గాలి. తెల్లారి వెళ్లి చూస్తే కప్పు పీలికలై వేలాడుతోంది. నారు ట్రేలు సగం బోర్లా పడి ఉన్నాయి.

షీటు అమ్మినవాణ్ణి కడుపారా తిట్టుకుంటూ ముక్కలు మడుస్తుంటే అప్పుడు కనబడింది. ప్రతి చిరుగూ స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది, సరిగ్గా పైపు ఆనిన గీత వెంటే. ఏడు పైపులకి ఏడు చిరుగులు. మధ్యలో ఉన్న షీటుని రెండు చేతులతో లాగినా సాగిందే తప్ప చిరగలేదు. పైపు తగిలిన చోట గోరు ఆనిస్తే చాలు, ఎండుటాకులా పుటుక్కుమంది. అంచుల్లో చెక్క పట్టీల మీద ఆనిన భాగానికి ఏమీ కాలేదు.

షీటుతో వచ్చిన సూచనల కాగితం సొరుగులోంచి తీసి, కొన్నాక మొదటిసారి చదివాను. పీవీసీకి నేరుగా తగలనివ్వొద్దని అందులో చిన్న అక్షరాల్లో ఉంది! పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. దాన్నుంచి వెలువడే పదార్థాలు, ఎండకి తట్టుకోవడానికి షీటులో కలిపిన మందుని దెబ్బతీస్తాయి. పైగా ఎండకి కాగిన పైపు ఆనిన చోట షీటు మరీ వేడెక్కుతుంది. ఇనప గొట్టాలకైతే ఈ రెండో బాధే ఉంటుంది. న్యాయంగా చెప్పాలంటే నా తప్పూ ఒకటుంది. బూడిద తెగులు వస్తే రెండుసార్లు గంధకం చల్లాను, అదీ ఈ షీట్లకి పడదు. కానీ గంధకం దోషమే అయితే కప్పంతా పాడవ్వాలి, ఇలా గీతలు గీసినట్టు కాదు.

కొత్త షీటు వేసేముందు పైపులకి తెల్ల రంగు వేసి, పైన ఫోమ్ టేపు అంటించాను. రెండు రోజులు పట్టింది, మెడ పట్టేసింది. ఆ రెండు రోజుల్లో చెక్క పట్టీలతో వాలు కప్పే కట్టి ఉండొచ్చు. ఊరికే వచ్చాయని ఆశపడి పప్పులో కాలేశా.

కిటికీల మీద ఫిర్యాదు లేదు, దాదాపుగా. తెరిచి మూసే కిటికీలు దొరకడం నా అదృష్టం. అన్నీ మూసి ఉంచితే పొద్దున పదకొండుకే లోపల నిలబడలేం. పక్కల కిటికీలు మాత్రమే తెరిస్తే పైన చేరిన వేడి కదల్లేదు. వెనక గోడలో కప్పుకి ఆనించి ఒక చిన్న కిటికీ పెట్టాకే లోపలి గాలి ఆడింది. నేలకి ఆనించిన ఒక చట్రం మాత్రం అడుగున కుళ్లిపోయింది, ఇప్పుడు అన్నిటి కిందా ఇటుకలు పెట్టాను. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకాను.

మీరూ కట్టుకోవచ్చా అంటే, నేను పగలంతా ఇంట్లోనే ఉంటాను, కిటికీలు తెరవడానికి, మూయడానికి మనిషిని ఉన్నాను. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి ఇదే గది నారుకి కొలిమి అవుతుంది. పైపుల సంగతంటారా, ఇప్పటికే చేతిలో ఉంటే రంగూ టేపూ వేసి వాడండి, వాటి కోసం వెతుక్కుంటూ మాత్రం వెళ్లకండి. రెండో షీటుకి మూడేళ్లు నిండుతున్నాయి, ఎక్కడా చిరగలేదు. కాకపోతే మొన్న చూస్తే తేమకి నాలుగో పైపు మీద టేపు జానెడు మేర ఊడింది, అక్కడ షీటు పసుపు రంగులోకి తిరుగుతోంది. ఈ ఆదివారం నిచ్చెన వేయాలి.