ఎలఫోనిసి: పిల్లలతో వెళ్తే గాలి చూసుకుని, పొద్దున్నే

గ్రీస్‌లోని క్రీట్ ద్వీపానికి నైరుతి మూలన ఉన్న ఎలఫోనిసికి చాలామంది గులాబీ ఇసుక ఫొటోలు చూసి వెళ్తారు. పిల్లలున్న కుటుంబానికి అంతకంటే పెద్ద ఆకర్షణ అక్కడి నీళ్ల లోతు. ఒడ్డుకూ ఎదురుగా ఉన్న చిన్న దీవికీ మధ్య సుమారు వంద మీటర్ల నీళ్లుంటాయి. గాలి లేని రోజున అవి పెద్దవాళ్లకు మోకాళ్ల దాకా, కొన్నిచోట్ల నడుము దాకా వస్తాయి. అడుగున ఇసుక కాబట్టి నడిచే దాటేస్తారు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా స్వల్పం. విశాఖ ఆర్కే బీచ్‌లో కాళ్ల కింద ఇసుకను లాగేసే అలలు ఈ మడుగులో కనిపించవు. అయితే ఈ భరోసా మడుగు వరకే. దీవికి పడమటి వైపు సముద్రం లోతు, అలలు, రాళ్లు. అటు పిల్లల్ని నీళ్లలోకి దించకూడదు.

ఇక్కడ రోజు బాగుంటుందో పాడవుతుందో తేల్చేది గాలి. గ్రీకులు గాలి బలాన్ని బోఫోర్ లెక్కలో చెప్పుకుంటారు, వాతావరణ సూచనల్లోనూ ఆ అంకె ఉంటుంది. ముందురోజు రాత్రి చూసుకోండి. 3 లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. 4 ఉంటే ఇసుక లేచి కొడుతుంది. పెద్దవాళ్లకు పిక్కల మీద తగిలే ఇసుక, కూర్చుని ఆడుకునే పిల్లలకు కళ్లలో పడుతుంది. 5 అంటే ఆ రోజుకు వేరే చోటు చూసుకోవడమే మంచిది. అలాంటి రోజుకు దక్షిణ తీరంలోని పాలియోహోరా అనే ఊరు మంచి ప్రత్యామ్నాయం. ఆ ఊరికి రెండు వైపులా బీచ్‌లున్నాయి: పడమట ఇసుకది, తూర్పున గులకరాళ్లది. ఒక వైపు గాలి కొడుతుంటే రెండో వైపు తరచుగా నిమ్మళంగా ఉంటుంది.

ఇక గులాబీ రంగు సంగతి. బీచ్ అంతా గులాబీగా ఉండదు. ఫొరామినిఫెరా అనే అతిచిన్న సముద్రజీవుల పెంకులు పొడిగా నలిగి ఇసుకలో కలుస్తాయి. నీటి అంచున తడి ఇసుకలో ఆ రంగు చారలుగా తేలుతుంది, ఎండిన ఇసుకలో వెలిసిపోయినట్టుంటుంది. దోసిట్లోకి తీసుకుని దగ్గరగా చూస్తే తెల్లటి రేణువుల మధ్య ఎర్రటి చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. చూసి అక్కడే వదిలేయాలి. ఇది యూరోపియన్ యూనియన్ ప్రకృతి రక్షణ జాబితా నేచురా 2000 కింద రక్షిత ప్రాంతం; ఇసుక పట్టుకెళ్లడం నిషేధం. దిబ్బల చుట్టూ కట్టిన తాళ్లు దాటకూడదని పిల్లలకు ముందే చెప్పండి, ఇసుకలో పూసే సముద్రపు లిల్లీల దుంపలు అక్కడే ఉంటాయి.

పశ్చిమ క్రీట్‌లోని పెద్ద ఊరు హనియా నుంచి దూరం సుమారు 75 కిలోమీటర్లే అయినా గంటన్నర పడుతుంది. కిస్సామోస్ అనే రేవు ఊరి వైపు వెళ్లే పెద్దరోడ్డు వదిలి దక్షిణానికి తిరిగాక తొపోలియా లోయ వస్తుంది. అక్కడి సొరంగంలో ఒకసారికి ఒక వైపు వాహనాలే పోతాయి, సిగ్నల్ పడేదాకా ఆగాలి. తర్వాత అన్నీ మలుపులే. ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే వెనక్కి తీయాల్సి రావచ్చు. ప్రయాణంలో కడుపు తిప్పే పిల్లలుంటే చెస్ట్‌నట్ చెట్లకు పేరున్న ఎలోస్‌లో ఓ పావుగంట ఆపండి. పెట్రోలు పెద్దరోడ్డు మీదే నింపుకోవాలి. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. చైల్డ్ సీటు కారు బుక్ చేసేటప్పుడే అడగాలి, ఆగస్టులో అప్పటికప్పుడు దొరకదు.

సీజన్‌లో హనియా నుంచి కేటీఈఎల్ అనే అక్కడి ప్రజారవాణా సంస్థ బస్సు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. ఖర్చు తక్కువ. కానీ బీచ్ చేరేది పదిన్నర, పదకొండు గంటలకు, అంటే ఎండా జనమూ రెండూ ముదిరే వేళకు. చిన్నపిల్లలు విసిగిపోతే మధ్యలో తిరిగి రావడానికి వీలుండదు. ఆరేళ్లలోపు పిల్లలుంటే కారే మేలు. జూలై, ఆగస్టుల్లో ఎనిమిదిన్నరకల్లా చేరి, ఒంటిగంటకల్లా బయటపడితే హాయి. మే చివర నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబరులో ఇంత హడావుడి అక్కర్లేదు. వేసవంతా వేడెక్కిన నీళ్లు సెప్టెంబరులో ఇంకా గోరువెచ్చగా ఉంటాయి, జూన్ మొదట్లో పిల్లలు వణుకుతారు.

బస విషయానికొస్తే, హనియా పాతరేవు అందం ఎంత చెప్పినా తక్కువే. అయితే ఆ సందుల్లోకి కార్లు పోవు. పెట్టెలు, స్ట్రోలరు రాళ్ల బాట మీద లాక్కెళ్లాలి. కిస్సామోస్‌లో ఆ ఇబ్బంది లేదు. ఎలఫోనిసి గంట దూరం, బాలోస్ అనే మరో మడుగు బీచ్‌కి పడవలు అక్కడి రేవు నుంచే బయల్దేరతాయి. బీచ్‌కి కొద్ది కిలోమీటర్లలో, హ్రిసోస్కాలిటిస్సా మఠం దగ్గర అద్దె గదులున్నాయి. వాటిలో హంగులు ఆశించొద్దు. కానీ అక్కడ ఒక్క రాత్రి పడుకుంటే తెల్లారి బస్సులు రాకముందే రెండు మూడు గంటలు మడుగు దాదాపు మీదే. కిస్సామోస్‌లో మూడు రాత్రులు, మఠం దగ్గర ఒక రాత్రి అన్నది పిల్లలున్నవాళ్లకు సరైన పంపకం. ఆ మఠం కూడా చూడదగ్గదే. 98 మెట్లు, వాటిలో ఒకటి బంగారు మెట్టని నమ్మకం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

బీచ్‌లో సహజమైన నీడ చాలా తక్కువ. అద్దె గొడుగులు, వాటితో వచ్చే పడక కుర్చీలు ఒడ్డు వైపే ఉంటాయి, దీవి మీద ఉండవు. సొంత గొడుగైతే కర్రను మోచేతి లోతుకు పాతాలి, పైపైన గుచ్చితే ఎగిరి పక్కవాళ్ల మీద పడుతుంది. నలుగురికి ఆరు లీటర్ల నీళ్లు, పిల్లలకు పొడుగు చేతుల స్విమ్ చొక్కాలు, రాళ్ల దగ్గర కాళ్లకు రబ్బరు బూట్లు ఉండాలి.

క్యాంటీన్లలో శాండ్‌విచ్, కాఫీ లాంటివే. భోజనం దారిలోని తవెర్నాల్లో, అంటే అక్కడి చిన్న హోటళ్లలో చేయడం మేలు. శాకాహారులకు క్రీట్‌లో లోటు లేదు: బార్లీ రొట్టె మీద టమాటా, చీజ్ వేసిన డాకోస్, ఉడికించిన ఆకుకూర హోర్తా, మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టంలాంటి ఫావా. టమాటాల్లో అన్నం కూరిన గెమిస్తాలో ఖీమా కలిపేవాళ్లూ ఉన్నారు, ‘హోరిస్ క్రేయాస్’ అని అడిగితే మాంసం లేనిది చెబుతారు.

బాలోస్‌నీ ఎలఫోనిసినీ ఒకే రోజులో కలపొద్దు. బాలోస్‌కి కారులో వెళ్తే మట్టిరోడ్డు, ఆపైన దిగుడు నడక; మట్టిరోడ్డు మీద దెబ్బతిన్న కారుకు అద్దె బీమా చాలాసార్లు వర్తించదు. పిల్లలతో అయితే పడవే నయం. ఇంకో రోజు మిగిలితే, కిస్సామోస్‌కి దగ్గర్లోని ఫలాసర్నాకి వెళ్లండి. ఇసుక విశాలం, రోడ్డు తేలిక. కాకపోతే అది పడమర ముఖం బీచ్, పడమటి గాలి ఉన్నరోజు అలలు పెద్దవి. ఈత రాని పిల్లల్ని ఆ రోజు ఒడ్డునే ఆడించండి.