తొమ్మిదేళ్లుగా తిపిటకం: ఈ వరుస ఎవరి కోసం?

బౌద్ధ ధర్మగ్రంథమైన పాళీ తిపిటకం మొదలుపెట్టిన ఏడాదంతా నాకు విసుగే మిగిలింది. ధ్యానం గురించి ఒకచోట, దానం గురించి ఒకచోట ఉంటుందనుకుని వెతికాను. సుత్తపిటకంలో, అంటే బోధల (సుత్తాల) భాగంలో, పొడవాటి ప్రసంగాలు 34 దీఘనికాయంలో, మధ్యరకంవి 152 మజ్ఝిమనికాయంలో ఉన్నాయి. అంగుత్తరనికాయం పూర్తిగా అంకెల లెక్క. ఒకటితో మొదలై పదకొండుతో ఆగుతుంది. కాలాములనే ప్రజలకు బుద్ధుడు చెప్పిన సుత్తం కావాలంటే మూడో నిపాతం (అంకెల వారీ విభాగం) తెరవాలి. లోభం, దోసం (ద్వేషం), మోహం, మూడు కదా!

భిక్షుణుల పద్యాలైన థేరీగాథల్లో మరీ చిత్రం. పటాచార చెప్పినవి ఐదు గాథలు, కాబట్టి ఐదో నిపాతం. కిసాగోతమివి పదకొండు, కాబట్టి పదకొండేసి గాథల నిపాతం. బిడ్డలను పోగొట్టుకున్న ఆ ఇద్దరు తల్లులు ఎక్కడెక్కడో ఉండిపోయారు.

కాళ్లు కడిగిన నీళ్లు పల్లానికి పారడం చూస్తూ పటాచార మనసు నిలుపుకునే ఆ ఐదు గాథలనూ ఒకసారి కంఠస్థం చేయబోయాను. అప్పుడు వెలిగింది. ఇది వల్లె వేసేవాళ్లు తమ కోసం వేసుకున్న వరుస. క్రీ.పూ. 1వ శతాబ్దంలో శ్రీలంకలో రాతకెక్కేదాకా ఇదంతా నోళ్లలోనే బతికింది. వగ్గం (అధ్యాయం) చివర వచ్చే 'ఉద్దానం' అనే పద్యాన్ని అంతకుముందు దాటేసేవాణ్ని. అందులో ఆ వగ్గంలోని సుత్తాల పేర్లన్నీ గుదిగుచ్చి ఉంటాయి. ఒక్కటి జారినా నాలుకకు తెలిసిపోతుంది.

విషయాల వారీగా చదవాలనుకునేవారికి సంయుత్తనికాయం ఉంది. 56 సంయుత్తాలు. నా ఓటు దానికే. కానీ 'పే' అన్న అక్షరం అక్కడే ఎక్కువ ఏడిపిస్తుంది. 'పై మాటలే మళ్లీ' అని దాని అర్థం. గంగ తూర్పుకు వాలినట్టు, యమున వాలినట్టు, అచిరవతి వాలినట్టు... మధ్యలో పే, పే, పే. ఏ వాక్యం ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

వినయపిటకంలో భిక్షువుల నియమాలు 227. సంఘం నుంచి వెళ్లగొట్టే నాలుగు పారాజికలు ముందు, భోజన మర్యాదల వంటివి చివరికి. 'చపుచపు' అని నమలకూడదు, 'సురుసురు' అని జుర్రకూడదు. పాళీలో ఉన్న మాటలు అచ్చంగా ఇవే! ఇక మూడో పిటకమైన అభిధమ్మంలోని ఏడు గ్రంథాలతో నాకు ఇప్పటికీ పొసగలేదు.

యాంగోన్‌లో 1954–56 నాటి ఆరో సంగాయన (భిక్షువులు కలిసి పాఠం సరిచూసే సభ) పాఠాన్ని ఇగత్‌పురి విపశ్యనా సంస్థ ఉచితంగా పెట్టింది. తెలుగు లిపిలోనూ చదువుకోవచ్చు. నేను చదివేది అదే. సంఖ్యలతో మాత్రం జాగ్రత్త. కాలాముల సుత్తం ఒక ముద్రణలో 3.65 అయితే, మరోదానిలో 3.66.

ఖుద్దకనికాయమంటే చిన్నవాటి పోగు. పేరు అదే గానీ 547 జాతకాలూ దాని కడుపులోనే ఉన్నాయి. 'చిన్నవే కదా, తర్వాత చూద్దాం' అని వదిలేసి, ఆరో ఏట గానీ సుత్తనిపాతం ముట్టలేదు. దాని చివరి వగ్గం పారాయనం. అస్సక దేశంలో ఏరుకున్న గింజలతో, పండ్లతో బతికే బావరి అనే బ్రాహ్మణుడు పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. ఆయన ఎక్కడ ఉండేవాడో చెప్పే పాదం దగ్గర నా వేలు ఆగిపోయింది: 'వసి గోధావరీకూలే'.