దీవించమని అడగడమా, ఏం చేయాలో చెప్పమనడమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థనలు రెండు రకాలుగా వినిపిస్తాయి. నిర్ణయం మనమే తీసుకుని దాన్ని దీవించమనడం ఒకటి. ఏం చేయాలో దేవుణ్ణే అడిగి, ఆయన చెప్పింది చేయడం ఇంకొకటి.

మొదటిది సులువు. ఆదివారం ఆయనది, మిగతా ఆరు రోజులు మనవి. టెన్షన్ మాత్రం పోదు, బరువంతా మన నెత్తినే ఉంటుంది కాబట్టి.

రెండోదంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని కొందరనుకుంటారు. అస్సలు కాదు. నాకది పొలం దగ్గర తెలిసింది. మహేంద్రతనయ నది అవతల జానెడు గట్టు కోసం అన్నయ్యతో రెండేళ్లు మాటల్లేవు. నన్నే గెలిపించమని మోకరించేదాన్ని. ఒక రాత్రి బైబిల్ చదువుతూ లూకా సువార్త 22వ అధ్యాయంలో ఆగిపోయాను. గిన్నె, అంటే తనకు రాబోయే శ్రమ, తొలగించమని యేసు తండ్రియైన దేవుణ్ణి అడిగాడు. అయినా తన ఇష్టం కాదు, తండ్రి చిత్తమే జరగాలన్నాడు. అడగడం తప్పు కాదు, చివరి మాట ఎవరిదన్నదే అసలు సంగతి.

తెల్లారి అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. గట్టు ఇప్పటికీ వాళ్లు జరిపిన చోటే ఉంది.