కార్క్‌లో తొమ్మిది రాత్రులు, మూడు బసలు

ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో మా మొదటి రాత్రి నిద్ర లేకుండానే తెల్లారింది. చలి వల్ల కాదు, అప్పుడు ఆగస్టు నెల. గదిలో చెమ్మ వాసన. దుప్పటికీ దిండుకీ, ఆఖరికి అల్మరాలో పెట్టిన మా ఆవిడ చీరలకీ అదే వాసన పట్టింది.

అమ్మాయి అక్కడే ఉంటుంటే డబ్బిచ్చి బయట ఎందుకున్నారని మా వాళ్లు చాలామంది అడిగారు. అమ్మాయి ఉండేది నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న ఇంట్లో ఒక గదిలో. స్నానాల గది ఒక్కటే. విడిగా ఒక చిన్న ఫ్లాట్ కోసం రెండేళ్లుగా వెతుకుతోంది, దొరకడం లేదు. అందుకని తొమ్మిది రాత్రులకు మూడు చోట్ల గదులు బుక్ చేసుకున్నాం. ఒకచోట ఇబ్బందైతే ఇంకోచోటైనా బాగుంటుందని అనుకున్నాం. తీరా చూస్తే ఈ మూడు బసల వల్లే ఊరు అర్థమైంది.

వెళ్లాలనుకునే వాళ్లకు ముందుగా ఒక మాట. చాలా యూరప్ దేశాలకు ఒకే వీసా సరిపోయే షెంగెన్ ఏర్పాటులో ఐర్లండ్ లేదు, వీసా విడిగా తీసుకోవాలి. మన దేశం నుంచి కార్క్‌కు నేరుగా విమానం లేదు. డబ్లిన్‌లో దిగితే ఎయిర్‌పోర్టు బయటే కార్క్ బస్సులు దొరుకుతాయి, సుమారు మూడు గంటల ప్రయాణం. రైలు కావాలంటే ఊళ్లోకి వెళ్లి హ్యూస్టన్ స్టేషన్‌లో ఎక్కాలి. పెట్టెలతో ఉన్నవాళ్లకు బస్సే నయం.

మొదటి బస నార్త్ మెయిన్ స్ట్రీట్ పక్క సందులో, షాపు మీద ఉన్న చిన్న ఫ్లాట్. తాళంచెవి గోడకున్న పెట్టెలో ఉంటుంది, మెసేజ్‌లో పంపిన నంబరు తిప్పి తీసుకోవాలి. ఆ నంబరు పనిచేయలేదు. వానలో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఓనరు ఫోనెత్తలేదు, తర్వాత కొత్త నంబరు పంపాడు. అదైనా సర్దుకోవచ్చు. తట్టుకోలేకపోయింది గోడ సంగతి.

నేను ముప్పై ఏళ్లు కట్టుబడి పనుల్లో సూపర్‌వైజర్‌గా చేశాను. మా నాన్నగారు రాజమండ్రిలో మేస్త్రీ. పొద్దున్నే మంచం జరిపి, కిటికీ కింద మూల వేలితో నొక్కితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. వెనకాల రాయి, దాన్ని అతికిన పాత సున్నం. పైన మాత్రం సిమెంటు ప్లాస్టరింగ్. పాత సున్నం గోడ చెమ్మను లోపలికి పీల్చుకుంటుంది, ఎండ తగిలినప్పుడు బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. లోపలే నిలిచి గోడను తినేస్తుంది. గానుగ సున్నం గోడలకి సిమెంటు పూయొద్దని మా నాన్నగారు ఎంతమందితో గొడవపడ్డారో! అన్ని వేల మైళ్లు దాటి వెళ్లి అదే గోడ చూశాను. ఆ ఫ్లాట్‌లో తేమ లాగే మెషిన్ ఒకటి పెట్టారు. రాత్రంతా గుయ్యిమంటూ తిరిగింది, తెల్లారేసరికి దాని డబ్బా సగం నీళ్లతో నిండింది.

ఆ ఫ్లాట్ ఎవరికీ చెప్పను. ఆ వీధిలో మాత్రం తప్పకుండా నడవాలి. కార్క్ అనే పేరుకు ఐరిష్‌లో బురదనేల అని అర్థం. లీ నది రెండు పాయల మధ్య లంకలో పుట్టిన ఊరు ఇది. గోదావరి లంకలు చూసి పెరిగినవాడికి ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది. పెద్ద బజారైన ప్యాట్రిక్ స్ట్రీట్ వంపు తిరిగి ఉండటానికి కారణం అది ఒకప్పటి నది పాయ కావడమే. నార్త్ మెయిన్ స్ట్రీట్ అంతకంటే పాతది, మధ్యయుగాల నాటి ఊరికి నడివీధి. పాత సందుల పేర్లు పేవ్‌మెంట్ మీద కంచు పలకల్లో పొదిగి ఉంటాయి. తలెత్తి చూస్తే గుండె తరుక్కుపోతుంది. కింద షాపు నడుస్తుంటుంది, పైన రెండు మూడు అంతస్తుల కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉంటాయి. పాత గోడల్లో మనకు రావి మొక్క మొలిచినట్టు అక్కడ బడ్లియా అనే పొద మొలుస్తుంది. పొగగొట్టాల మీద, నీటి గొట్టాల పక్కన ఊదారంగు పూలు గుత్తులుగా పూసి ఉన్నాయి. మా ఆవిడ ఫొటోలు తీస్తోంది కానీ నాకు మాత్రం ఆ పూల కింద రాళ్ల మధ్య ఎంత వేరు దిగిందోనన్న ఆలోచనే. 2019లో ఇదే వీధిలో పాత భవనాల ముందుగోడ విరిగిపడింది. ఆ తర్వాత వాటిని కూల్చక తప్పలేదు.

ఈ పాడుబడ్డ ఇళ్ల లెక్క మొదట జనం ముందు పెట్టింది ప్రభుత్వం కాదు. ఫ్రాంక్ ఓకానర్, జూడ్ షెర్రీ అనే జంట ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కార్క్‌కు వచ్చి, 2020 నుంచి వీధివీధీ నడుస్తూ ఒక్కో ఇంటి ఫొటో ట్విట్టర్‌లో పెట్టారు. ఊరి నడిబొడ్డు నుంచి రెండు కిలోమీటర్ల లోపే 340 చూపించారు. 2022 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద, వేసవి విడిది ఇళ్లు పోగా, 1,66,752 ఇళ్లు ఖాళీగా తేలాయి. ఆ అంకె నాకు చెప్పింది మా అమ్మాయే. ఇల్లు వెతుక్కునే వాళ్లందరికీ ఆ లెక్క కంఠతా వచ్చు.

మరి చట్టం లేదా అంటే ఉంది. 1990లోనే డెరెలిక్ట్ సైట్స్ యాక్ట్ అని పాడుబడ్డ స్థలాల చట్టం వచ్చింది. పాడుబడ్డ ఇంటిని కౌన్సిల్, అంటే నగరపాలక సంస్థ, రిజిస్టర్‌లో ఎక్కించి ఏటా పన్ను వేయొచ్చు. అది మొదట ఇంటి ధరలో 3 శాతం ఉండేది, 2020 నుంచి 7 శాతం అయింది. మాట వినని ఓనరు నుంచి ఇంటిని స్వాధీనం కూడా చేసుకోవచ్చు. పక్కనున్న లిమరిక్ నగరం 2019 నుంచి ఆ అధికారం గట్టిగా వాడుతోంది. కానీ పన్ను వేయడం వేరు, వసూలు చేయడం వేరు. ఓనరు చనిపోయి వారసుల మధ్య పంపకాలు తేలని ఇళ్లు, 2008లో బ్యాంకులు కుప్పకూలినప్పుడు అప్పుల్లో ఇరుక్కున్నవి, ధర పెరుగుతుందని అట్టేపెట్టుకున్నవి, ఇలా ఒక్కోదానికి ఒక్కో కథ. ఇంజనీరింగ్ కారణం ఇంకోటి నేను కళ్లారా చూశాను. షాపు వెడల్పు చేయడానికి పైకెళ్లే మెట్లు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు పై అంతస్తుకు విడిగా గుమ్మమే లేదు. మళ్లీ మెట్లు కట్టాలంటే షాపులో చోటు పోవాలి, అగ్నిమాపక నిబంధనలూ చూసుకోవాలి. అందుకే పైన పావురాలు, కింద వ్యాపారం.

అక్కడికి దగ్గర్లోనే సౌత్ మెయిన్ స్ట్రీట్‌లో బీమిష్ బ్రూవరీ అనే బీరు ఫ్యాక్టరీ ఉండేది. 1792లో మొదలై 2009లో మూతపడింది. అక్కడ పెద్ద ఈవెంట్ సెంటర్ కడతామని 2016లో ప్రధానమంత్రి పార పట్టి శంకుస్థాపన చేశారు. మేం వెళ్లినప్పుడు కూడా అది ఖాళీ స్థలమే. ఇంకాస్త నడిస్తే ఎలిజబెత్ కోట, ప్రవేశం ఉచితం. కోటగోడ మీది నుంచి చూస్తే పాత ఊరి ఇంటికప్పులన్నీ కనిపిస్తాయి. ఏ కప్పు బాగుందో ఏది కుంగిందో చూస్తూ అరగంట నిలబడ్డాను.

తిండికి ఇబ్బంది పడలేదు. 1788 నుంచి నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్‌లో మన కానాగంతల్లాంటి మాకెరెల్ చేపలు తాజాగా దొరికాయి. ఆదివారం మాత్రం సెలవు. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టింది. ఆ ఫ్లాట్ గురించి మంచి చెప్పాలంటే దాని వంటగది గురించే చెప్పాలి.

నాలుగో రోజు డాక్‌ల్యాండ్స్ వైపు కొత్త హోటల్‌కు మారాం. అబ్బ, ఎంత హాయి! పొడి గది, ట్యాపు తిప్పగానే వేడినీళ్లు, లిఫ్టు, చప్పుడు లేని కిటికీలు. రాత్రికి 160 యూరోలు పడింది, ఎక్కువే. కానీ నిద్ర పట్టింది. లోటల్లా ఒక్కటే, రాత్రి ఎనిమిది దాటితే పాల ప్యాకెట్ కోసం పావుగంట నడవాలి. ఆఫీసులు మూసేస్తే వీధిలో మనిషి కనిపించడు.

డాక్‌ల్యాండ్స్ అంటే ఓడరేవు గోదాములు, మిల్లులు ఉన్న చోటు. నదిని పూడ్చి తీసిన పల్లపు నేల. ఒకప్పుడు అక్కడ గుర్రప్పందేల మైదానం ఉండేది. దాని మీదే 1917లో ఫోర్డ్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. హెన్రీ ఫోర్డ్ తండ్రిది ఇదే కౌంటీ. 1983లో పక్కనున్న డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ, 1984లో ఫోర్డ్ మూతపడటంతో వేలమంది వీధిన పడ్డారు. ఇన్నేళ్ల తర్వాత ఆ నేలకు మళ్లీ కదలిక వచ్చింది. రోడ్లు, వంతెనలు, పార్కుల కోసం 2021లో ప్రభుత్వం 35 కోట్ల యూరోలకు పైగా కేటాయించింది. రైల్వే స్టేషన్ వైపు క్రేన్లు తిరుగుతుంటే చూసి నాకు సంతోషం వేసింది. పల్లపు నేలలో పునాది తీయడం ఎంత కష్టమో, ముందు వరద నుంచి కాపాడుకోవడానికి ఎంత ఖర్చో నాకు తెలుసు. ఆలస్యమైందని తిట్టడం తేలికే.

అయినా ఒక భయం ఉంది. ఆ పక్కనే ఎలీషియన్ అనే 17 అంతస్తుల భవనం కనిపిస్తుంది. 2008లో పూర్తయ్యేసరికి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది, చాలా ఫ్లాట్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. ఊరివాళ్లు దాన్ని 'ఐడిల్ టవర్' (ఊరికే పడున్న టవర్) అని పిలిచేవారు. ఇప్పుడు నిండింది. నది పాయలు కలిసే మొనలో పాత కస్టమ్ హౌస్ గోదాములు ఉన్నాయి. అక్కడ 34 అంతస్తుల టవర్‌కు అనుమతి వచ్చింది కానీ రాతి గోదాములు అలాగే తాళం వేసి ఉన్నాయి. అంత అందమైన రాతిపని అలా ఊరికే పడి ఉండటం నాకు నచ్చలేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది మెరీనా మార్కెట్. పాత గోదాములో 2020లో పెట్టిన తిండి బజారు. పడగొట్టలేదు, మెరుగులు దిద్దలేదు. రేకుల షెడ్డు కింద బల్లలు వేసి, రకరకాల వంటల స్టాళ్లు పెట్టారు. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు, అందరూ అక్కడే. వాన పడితే ఇంటిల్లిపాదికీ ఇంతకంటే మంచి చోటు లేదు. అక్కడి నుంచి నది పక్క చెట్ల నీడలో నడుస్తూ బ్లాక్‌రాక్ కోట దాకా వెళ్లొచ్చు. ఆ నడకను కార్క్ వెళ్లే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

మూడో బస సెయింట్ ల్యూక్స్ గుట్ట మీద, పాత ఇంట్లో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఎత్తు కష్టమే. కానీ మూడింట్లో నా ఓటు దీనికే. ఆ దంపతులు కొన్నప్పుడు ఇల్లు పన్నెండేళ్లుగా ఖాళీగా ఉందట. కప్పులో నుంచి ఆకాశం కనిపించేదట. నా పని గురించి చెప్పగానే ఆవిడ ఇల్లంతా తిప్పి చూపించారు. గోడలకు మళ్లీ సున్నమే పూశారు! చెయ్యి పెట్టి చూశాను, పొడిగా, కాస్త గరుకుగా ఉంది. కిటికీ చట్రం పక్కన చెక్క మూత తీసి లోపల చూపించారు. తాడుకు వేలాడే ఇనుప గుండు. కిటికీ ఎత్తితే గుండు దిగుతుంది, దించితే అది లేస్తుంది. నూటేభై ఏళ్ల నాటి ఆ గుండ్లు అలాగే ఉంచి తాళ్లు మాత్రం కొత్తవి వేశారు. ఒక్క వేలితో కిటికీ లేచింది.

ఖాళీ ఇల్లు బాగు చేసుకునేవాళ్లకు ఇప్పుడు ప్రభుత్వం 50,000 యూరోల దాకా, మరీ పాడుబడితే 70,000 దాకా గ్రాంటు ఇస్తోంది. 2022లో చిన్న ఊళ్లకు మొదలుపెట్టి, అదే ఏడాది నగరాలకూ వర్తింపజేసి, 2023 మే నుంచి మొత్తం పెంచారు. "మేం మా డబ్బుతోనే చేశాం, అప్పుడిది లేదు. ఇప్పుడైనా పని అయ్యాకే చేతికొస్తుంది, ముందు మేస్త్రీకి ఎక్కడి నుంచి తేవాలి?" అన్నారావిడ. ఏ ఊళ్లోనైనా ఇల్లు కట్టేవాడి మొదటి ప్రశ్న అదే.

ఇక్కడ వేడినీళ్లకు ఇమ్మర్షన్ స్విచ్ ముందే వేసుకోవాలి, మన గీజర్‌లాగే. అరగంట ఆగితే చాలు. పొద్దున టిఫిన్‌లో గుడ్లు, బ్రౌన్ బ్రెడ్, మాంసం తినని మా ఆవిడకు విడిగా పుట్టగొడుగులు. కొండ దిగి వెళితే అవతల గుట్ట మీద షాండన్ చర్చి. 1722 నాటిది. గోపురానికి రెండు వైపులు ఎర్ర ఇసుకరాయి, రెండు వైపులు తెల్ల సున్నపురాయి. మెట్లెక్కి, నంబర్లు రాసిన కాగితం చూసుకుంటూ మనమే గంటలు మోగించొచ్చు. మా ఆవిడ మోగించింది. ఊరంతా వినపడి ఉంటుందని ఆ రోజంతా మురిసిపోయింది.

బస్సుల విషయంలో టెన్షన్ తప్పదు. స్టాప్‌లో బోర్డు మీద రెండు నిమిషాల్లో అని చూపించిన బస్సు రాకుండానే బోర్డు మీంచి పోయింది, అదీ రెండుసార్లు. 220 నంబరు మాత్రం ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది. రాత్రి పూట మాకదే ఆధారమైంది.

చివరి రోజు సాయంత్రం అమ్మాయితో కలిసి ఒక ఫ్లాట్ వ్యూయింగ్‌కు, అంటే అద్దెకిచ్చే ముందు ఇల్లు చూపించే చోటికి, వెళ్లాం. గేటు దాటి వీధి మలుపు దాకా లైను. మా ముందు ఇరవై ఆరు మంది. అందరి చేతుల్లో జీతం స్లిప్పులు, పాత ఓనర్ల ఉత్తరాలు. మేం లైన్లో నిలబడిన గోడ పక్కనున్న ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి, పొగగొట్టం మీద అదే ఊదారంగు పొద. "ఏమండీ, అందులో ఎవరూ ఉండరా?" అని మా ఆవిడ అడిగింది. లైన్లో ముందున్న కుర్రాడు ఆవిడ చూపు పట్టి, తను అయిదేళ్లుగా చూస్తున్నాననీ అది అలాగే ఉందనీ చెప్పాడు. లోపల మాకు ఇచ్చింది ఏడు నిమిషాలు. నేను నేరుగా కిటికీ కింద మూలకు వెళ్లి నొక్కి చూశాను. "గోడ పొడిగా ఉంది, తీసేసుకోమ్మా" అన్నాను. తీసుకోవడం మా చేతిలో ఉన్నట్టు.

డబ్లిన్ బస్సులో ఉండగా మెసేజ్ వచ్చింది, వేరేవాళ్లకు ఇచ్చేశారని. అమ్మాయి ఇంకా వెతుకుతోంది. కొత్త ఫ్లాట్ ప్రకటన పడినప్పుడల్లా ఫొటోలు నాకు పంపుతుంది. నేను కిటికీ కింద మూలలు పెద్దవి చేసి చూసి, రంగు మారిందో లేదో చెబుతున్నాను.