ఎల్‌పార్‌స్టాటా, టోపాసా, ఎన్‌మానా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నెలాఖరు నైట్ షిఫ్ట్. బిల్లింగ్ బ్యాచ్ నత్తనడక నడుస్తోందని పదకొండున్నరకు ఫోన్. కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు ఏఐఎక్స్ (ఐబీఎం సర్వర్ల యునిక్స్ ఓఎస్) బాక్స్‌లో, సర్వర్ మీద లోడ్ లైవ్‌గా చూపే టోపాస్ తెరిచి, "అన్నా, పొద్దున సీపీయూ యూజర్ 85 శాతం, ఇప్పుడు 90. పెద్ద తేడా లేదు" అన్నాడు.

90 శాతం, నిజమే. దేంట్లో 90? ఎల్‌పార్ అంటే ఒకే పెద్ద మెషీన్‌ని పంచి చేసిన వర్చువల్ సర్వర్; దాని ప్రాసెసర్ లెక్క చెప్పే ఎల్‌పార్‌స్టాట్ 2 5 కొట్టమన్నాను, అంటే రెండు సెకన్లకో లైను, మొత్తం ఐదు. ఫిజ్‌సీ (నిజంగా వాడుతున్న ప్రాసెసర్లు) 0.50, ఎంట్‌సీ (రాసిచ్చిన వాటాలో అది ఎంత శాతమో) 100. ఈ లెక్కలు రికార్డు చేసిపెట్టే ఎన్‌మాన్ ఫైల్లో పొద్దుటిది చూస్తే ఫిజ్‌సీ 1.40, ఎంట్‌సీ 280. మా ఎల్‌పార్‌కి రాసిచ్చింది అర ప్రాసెసరే. అన్‌క్యాప్డ్ (ఖాళీ ఉంటే వాటా దాటి వాడుకోవచ్చు) కాబట్టి పగలంతా పక్క ఎల్‌పార్లు వాడుకోనిది అప్పు తెచ్చుకుని బతికింది. రాత్రి వాళ్ల పనులు మొదలయ్యేసరికి ఎవరి వాటా వాళ్లు లాక్కున్నారు.

ఫిజ్‌సీ టోపాస్‌లోనూ కనిపిస్తుంది. కాకపోతే అంత నిండుగా ఉన్న స్క్రీన్‌లో కళ్లు శాతాల మీదకే పోతాయి. అందుకే అర్ధరాత్రి టెన్షన్‌లో నా ఓటు ఎల్‌పార్‌స్టాట్‌కే. ఎల్‌పార్లు పంచుకునే ప్రాసెసర్ పూల్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పే 'యాప్' కాలమ్ కూడా ఉంది గానీ, హెచ్‌ఎంసీలో (ఈ సర్వర్లను నిర్వహించే కన్సోల్) ఆ ఎల్‌పార్‌కి పెర్ఫార్మెన్స్ సమాచారం తీసుకునే అనుమతి టిక్ చేస్తేనే అది వస్తుంది. చాలామంది చేయరు.

తినేసింది ఎవరో తేలాలంటే మాత్రం టోపాస్ మైనస్ పెద్ద సీ కావాలి. ఒకే బాక్స్‌లోని ఎల్‌పార్లన్నీ వరసగా కనిపిస్తాయి. మధ్యలో ఫైర్‌వాల్ అడ్డొస్తే సగం మాయం. మాకు ఆ రాత్రి రిపోర్టుల ఎల్‌పార్ కనబడింది, అదృష్టం.

ఎన్‌మాన్ లైవ్‌గా చూడ్డానికి రంగులతో బాగుంటుంది, అంతే. దాని అసలు విలువ రికార్డింగ్‌లో ఉంది: 60 సెకన్లకోసారి, 1440 సార్లు, రోజంతా ఒక్క ఫైల్లో. అది లేకపోతే పొద్దుటి 1.40 నాకు తెలిసేదే కాదు.

అనుమతి తీసుకుని, హెచ్‌ఎంసీలో సీహెచ్‌హెచ్‌డబ్ల్యూరెస్ కమాండ్‌తో రిపోర్టుల ఎల్‌పార్ నుంచి 0.5 ప్రాసెసర్ ఇటు జరిపాం. రీబూట్ అక్కర్లేదు. బ్యాచ్ కదిలింది. "ఎల్‌పార్ సెట్టింగులు ఉండే ప్రొఫైల్లో కూడా మార్చు తమ్ముడూ, లేకపోతే ఆపి అదే ప్రొఫైల్‌తో లేపినప్పుడు మళ్లీ అరకే వస్తుంది" అన్నాను. అప్పటికే వాడు చల్లారిన పులిహోర డబ్బా మూత తీస్తున్నాడు.